పేషెంటు ఎవరు?

ఆ ఏడాది ఆసుపత్రుల్లో మాకు ఎక్కువసార్లు ఎదురైన ప్రశ్న "పేషెంటు ఎవరు?" అన్నది. అడిగేవారి చూపు ఎప్పుడూ నాన్న మీదే ఉండేది. ఆయనకు అప్పటికి 58 ఏళ్లు, నాకు 26. ఫైలు కూడా ఆయన ఒళ్లోనే ఉండేది. బళ్లో హాజరు పలికినట్టు నేను చెయ్యెత్తేవాణ్ణి. అప్పుడు వాళ్ల ముఖం ఒక్క క్షణం మారేది. కొన్నాళ్లకు ఆ క్షణం కోసం నేనే కాచుకుని ఉండేవాణ్ణి, అదొక ఆటలా.

నాకు వచ్చింది హాడ్జ్‌కిన్ లింఫోమా, లింఫ్ గ్రంథులకు వచ్చే ఒక క్యాన్సర్. 2022 జనవరి నుంచి ఈ ఏప్రిల్ దాకా, అంటే 2025 దాకా, ఏది ఎప్పుడు జరిగిందో అలాగే రాస్తున్నాను. వేరే క్యాన్సర్ వచ్చినవారికి మందులు వేరు, రోజుల లెక్క వేరు. ఎదురుచూపు మాత్రం ఎవరికైనా ఇంచుమించు ఇలాగే ఉంటుందని పక్క కుర్చీల్లో పరిచయమైనవారి మాటల వల్ల అర్థమైంది.

జనవరి 9, ఆదివారం. గడ్డం గీసుకుంటుంటే మెడకు ఎడమవైపున, భుజం ఎముకకు కాస్త పైన గోళీ అంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని ధీమాగా ఉన్నాను. ఇన్ఫెక్షన్‌తో ఉబ్బిన గ్రంథి ముట్టుకుంటే సాధారణంగా నొప్పి పెడుతుందని, నొప్పి లేకుండా గట్టిగా ఉండిపోయిన దాన్నే ఎక్కువ పట్టించుకోవాలని తర్వాత తెలిసింది. అంతకు నెల ముందు నుంచే రాత్రుళ్లు చెమటలు. ఉక్కపోత చెమట కాదది, చొక్కా విప్పి పిండితే నీళ్లు కారేవి. పిక్కల మీద దురద. రక్తం వచ్చేలా గోక్కునేవాణ్ణి. రెండుసార్లు సబ్బు మార్చాను. ఈ మూడూ ఒకే కథలోవని నాకు తట్టనే లేదు. మొదట చూసిన డాక్టరుకు నేను గడ్డ సంగతి మాత్రమే చెప్పాను, దురద సంగతి చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు. మీరు చెప్పండి.

"ఈ వయసులో ఏముంటుంది" అని ఆయన 10 రోజులకు యాంటీబయాటిక్ రాశారు. తగ్గలేదు. ఇంకో మూడు వారాలు చూద్దామన్నారు. ఫిబ్రవరి 21న అల్ట్రాసౌండ్, 25న సూది పరీక్ష. క్యాన్సర్ కణాలు కనిపించలేదని రిపోర్టు వచ్చింది. ఆ సాయంత్రం స్నేహితులతో కలిసి సినిమాకు వెళ్లాను. ఈ జబ్బులో అసలు దోషి కణాలు గడ్డలో నూటికి ఒకటో రెండో ఉంటాయట. మిగతావన్నీ వాటి చుట్టూ మూగిన మామూలు రక్షణ కణాలే. సన్నని సూదితో తీసిన చుక్కలో ఆ ఒకటీ పడకపోతే రిపోర్టు శుభ్రంగా వస్తుంది. గడ్డ తగ్గకుండా ఉంటే గ్రంథి మొత్తాన్ని తీసి చూడాలని రెండో డాక్టరు చెప్పారు. మార్చి 21న తీశారు. 40 నిమిషాల పని, సాయంత్రానికల్లా ఇంటికి వచ్చేశాను. రిపోర్టుకు మాత్రం 15 రోజులు పట్టింది. ముక్కకు రకరకాల రంగులు వేసి చూడాలి, తొందరపెట్టి లాభం లేదన్నారు. ఆ 15 రోజుల్లో నా ఫోన్‌లో ఏం వెతికానో ఎవరికీ చూపించను.

ఏప్రిల్ 5, మంగళవారం పేరు తెలిసింది. గడ్డ చేతికి తగిలిన నాటి నుంచి 86 రోజులు.

డాక్టరు గారు మంచి మనిషే. "ఇది మంచి క్యాన్సర్, నయమవుతుంది" అన్నారు. ఆ మాట తర్వాత కనీసం పదిమంది నోట విన్నాను. ధైర్యం చెప్పాలనే అంటారు, నిజంగానే ఈ జబ్బుకు ఫలితాలు బాగుంటాయి కూడా. కానీ ఆ మాట విన్నాక భయపడే హక్కు నాకు లేదేమో అనిపించేది. మంచి క్యాన్సర్‌కు కూడా ఏడిస్తే ఎలా అన్నట్టు. నేను ఉద్యోగం సంగతి అడిగాను. నాన్న ఏమీ అడగలేదు, జబ్బు పేరు ఒక కాగితం మీద రాసిమ్మన్నారు. ఆ కాగితమే ఫైలులో మొదటి పేజీ అయింది.

అక్కడి నుంచి మొదటి కీమో దాకా 15 రోజులు. ఊపిరి ఆడని రోజులవి. 11న పెట్ స్కాన్. ఆరు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. రక్తంలో చక్కెర చూసి, రేడియోధార్మిక చక్కెర ఎక్కించి, ఒక గదిలో గంటసేపు కదలకుండా పడుకోబెడతారు. మాట్లాడవద్దు, ఫోన్ చూడవద్దు. వాడిన కండరమల్లా ఆ చక్కెరను లాగేసుకుంటుంది, స్కాన్‌లో వెలుగుతుంది. అందుకే ముందురోజు కూడా పరుగులు, బరువులు వద్దన్నారు. మెడకు రెండువైపులా, ఊపిరితిత్తుల మధ్యన వెలిగింది. ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే ఉదరవితానానికి కింద ఏమీ లేదు. అందుకని రెండో దశ. రాత్రి చెమటల వల్ల దాని పక్కన 'బి' అని చేర్చారు. నేను సబ్బు మార్చి ఊరుకున్న రోజుల్లో ఆ చెమటలకు ఒక అక్షరం ఉందని ఎవరికి తెలుసు.

15న గుండెకు ఎకో, ఊపిరితిత్తుల పరీక్ష. ఎక్కించబోయే మందుల్లో ఒకటి గుండెను, ఇంకొకటి ఊపిరితిత్తులను దెబ్బతీయవచ్చు కాబట్టి ముందే కొలిచి పెట్టుకుంటారు. 18న కుడి ఛాతీలో చర్మం కింద పోర్ట్ పెట్టారు, మందులు సిరలోకి ఎక్కించడానికి వాడే చిన్న పరికరం అది. సీటు బెల్టు, భుజం సంచి పట్టీ సరిగ్గా దాని మీదే ఒరుసుకుంటాయి. మడిచిన చేతిరుమాలు అడ్డం పెట్టుకుంటే చాలు.

మధ్యలో జరిగిన ఒక సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 12వ తేదీన మేం లేవబోతుంటే డాక్టరు గారు, ఏదో గుర్తొచ్చినట్టు, "పిల్లల విషయం ఆలోచించుకున్నారా?" అని అడిగారు. నాన్న సీలింగు ఫ్యాను వంక చూడటం మొదలుపెట్టారు. నాకు పెళ్లి కాలేదు, పిల్లల గురించి ఆ రోజు దాకా ఒక్క నిమిషం ఆలోచించి ఎరగను. నాకు ఇవ్వబోయే మందుల వల్ల సంతానం కలగకుండా పోయే ప్రమాదం తక్కువేనని, కానీ జబ్బు తిరగబెడితే ఇచ్చే మందులు అంత దయగా ఉండవని, కీమో మొదలవక ముందే వీర్యం భద్రపరచుకోవడం మేలని చెప్పారు. మగవాళ్లకు ఇది ఒకటి రెండు రోజుల పని. అమ్మాయిలకు అండాలు తీసి దాచాలంటే దాదాపు రెండు వారాల ఇంజెక్షన్లు కావాలి, అందాకా కీమో ఆపగలిగితేనే. మీ డాక్టరు ఈ మాట ఎత్తకపోతే మీరే ఎత్తండి. నా విషయంలో ఆయన ఇంకో అరనిమిషం మరిచిపోయి ఉంటే మేం తలుపు దాటేవాళ్లం.

వీర్యం భద్రపరిచే ప్రయోగశాలకు 13న ఒకసారి, 16న ఒకసారి వెళ్లాను. ముందు హెచ్ఐవీ, హెపటైటిస్ రక్త పరీక్షలు. గది గురించి ఏం చెప్పను. గడియ సరిగా పడలేదు, బయట కుర్చీలో నాన్న ఉన్నారు, ఫైలు పట్టుకుని. జీవితంలో అంతకంటే అసౌకర్యమైన అరగంట నాకు లేదు, శస్త్రచికిత్సలతో సహా. ఆ తర్వాత ఫారం. నమూనాలను ద్రవ నత్రజనిలో, మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఏటా ఏప్రిల్‌లో రుసుము కట్టి కొనసాగించుకోవాలి. రెండో పేజీలో ఒక ప్రశ్న: నమూనా ఇచ్చిన వ్యక్తి మరణిస్తే ఏం చేయాలి? పారవేయాలి, భాగస్వామికి అప్పగించాలి, పరిశోధనకు ఇవ్వాలి. మూడు గడులు. భాగస్వామి ఎవరూ లేరు. మొదటి గడిలో టిక్కు పెట్టాను. కింద సాక్షి సంతకం కావాలన్నారు. నాన్నను పిలిచారు.

నాన్న ఏ కాగితాన్నయినా చదవకుండా సంతకం చేయరు. కళ్లజోడు తీసి పెట్టుకుని మొదటి పేజీ మొదటి వరుస నుంచి మొదలుపెట్టారు. రెండో పేజీకి వచ్చాక ఆయన వేలు ఆ గడుల దగ్గర ఆగింది. కాస్త ఎక్కువసేపే ఆగింది. తర్వాత కిందికి జరిగి, సంతకం చేసి, తేదీ వేసి, పెన్ను ఫారం ఇచ్చిన అమ్మాయికి తిరిగి ఇచ్చారు. ఇంటికి వచ్చే దారిలో మేం మాట్లాడుకోలేదు.

ఏప్రిల్ 20, బుధవారం మొదటి కీమో. ఏబీవీడీ అంటారు, నాలుగు మందుల మొదటి అక్షరాలు. 14 రోజులకొకసారి చొప్పున 12 సార్లు. ఉదయం 8కి చేరితే రక్త పరీక్ష, దాని ఫలితం, డాక్టరు సంతకం, మందులు కలిపి పైకి పంపడం, ఇవన్నీ అయ్యేసరికి పదకొండున్నర. ఎక్కించడానికి పట్టింది నాలుగు గంటలు. అంటే రోజులో సగం ఊరికే కూర్చోవడమే. ఎర్ర మందును సిస్టర్ పక్కన కూర్చుని చేత్తో మెల్లగా ఎక్కించింది. ఆ రోజు మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పింది కాబట్టి సరిపోయింది, లేకపోతే కేకేసేవాణ్ణే. చివరి మందు వెలుతురు తగిలితే పాడవుతుందని సంచికి ముసుగు వేశారు. పోర్ట్‌ను కడిగే సెలైన్ నోటిలో ఇనుప రుచిలా తెలుస్తుంది, సిరలోకి వెళ్లింది నాలుకకు ఎలా తెలుస్తుందో మరి. సరిగ్గా ఆ క్షణానికి ముందు ఒక పుల్లని బిళ్ళ నోట్లో వేసుకోమని పక్క కుర్చీలో పెద్దావిడ నేర్పారు.

వాంతుల కోసం ఒక గిన్నె, తువ్వాలు, అమ్మ, అందరూ సిద్ధంగా ఉన్నారు. వాంతి కాలేదు. వెక్కిళ్లు వచ్చాయి. 30 గంటలు ఆగకుండా. వాంతి రాకుండా ఇచ్చే స్టెరాయిడ్ వల్ల కొందరికి అలా వస్తాయట. ఆ స్టెరాయిడ్ పుణ్యమా అని మొదటి రెండు రాత్రులు నిద్ర కూడా లేదు, తెల్లవారుజామున మూడింటికి పుస్తకాల అలమర సర్దుకుంటూ వెక్కుతూ కూర్చున్నాను. ఇక మలబద్ధకం గురించి సిగ్గుపడకుండా చెబుతాను: వాంతుల మాత్రలకు, ఎక్కించే మందుకు రెండింటికీ ఆ గుణం ఉంది, డాక్టరును అడిగి కీమో ముందురోజే విరేచనం మందు మొదలుపెట్టండి. నేను ఐదో రోజున అడిగాను. ఐదు రోజులు ఆలస్యం.

జుట్టు గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను రెండే ముక్కలు చెబుతాను. రాలే ముందు తల చర్మం నొప్పి పెడుతుంది, దిండు మీద ఆనించలేం. ముక్కులో వెంట్రుకలు కూడా పోతాయి, దాంతో చలి లేకపోయినా ముక్కు కారుతూనే ఉంటుంది. జేబులో రుమాలు లేకుండా గడప దాటలేదు.

మూడో కీమో మే 18న. 27వ తేదీ, శుక్రవారం రాత్రి 11.40కి జ్వరం 38.4 డిగ్రీల సెల్సియస్. నియమం నాకు కంఠతా వచ్చు: 38 దాటితే వెంటనే ఆసుపత్రికి, పారాసిటమాల్ వేసుకోకూడదు, వేసుకుంటే జ్వరం దాక్కుంటుంది. అయినా నేనేం చేశానంటే, థర్మామీటరు కడిగి మళ్లీ పెట్టుకున్నాను. 38.3. కిటికీ తీసి, చన్నీళ్లు తాగి, పావుగంట ఆగి మళ్లీ పెట్టుకున్నాను. 38.5. నలభై నిమిషాలు ఈ బేరం సాగింది. చెబితే పడకలో వేస్తారు, తర్వాతి కీమో వాయిదా పడుతుంది, సెప్టెంబరుతో అయిపోవాల్సింది ఇంకా జరుగుతుంది. ఇదే నా లెక్క. ఎంత తెలివితక్కువ లెక్కో ఇప్పుడు రాస్తుంటే కూడా వెన్ను చల్లబడుతోంది. గదిలో లైటు చూసి నాన్న వచ్చారు. నా చేతిలోని థర్మామీటరు తీసుకుని చదివారు. తిట్టలేదు. చెప్పులు వేసుకోమన్నారు.

అత్యవసర విభాగంలో నేను నిలబడి ఉన్నాను, బండి నిలిపి పరుగున వచ్చిన నాన్న రొప్పుతున్నారు. "పేషెంటు ఎవరు?" అన్నాడు బల్ల దగ్గరి కుర్రాడు, ఆయన కోసం చక్రాల కుర్చీ లాగుతూ. ఆ రాత్రి ఇద్దరం నవ్వింది ఆ ఒక్క సారే. ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు, న్యూట్రోఫిల్స్, 200 ఉన్నాయి. 1,500కు పైన ఉండాల్సినవి. మొదటి గంటలోనే యాంటీబయాటిక్ సిరలోకి ఎక్కించారు. ఐదు రోజులు ఒంటరి గది. ఎక్కడి ఇన్ఫెక్షనో చివరికి తేలనేలేదు, చాలామందికి తేలదట. నాలుగో కీమో వారం ఆలస్యమై జూన్ 8న జరిగింది. ఇంతకీ ఆ వారం వల్ల ఏ నష్టమూ రాలేదు. అప్పటి నుంచి తలుపు పక్కన ఒక సంచి సిద్ధంగా ఉండేది: ఛార్జరు, పొడవాటి వైరు (ఆసుపత్రి ప్లగ్గు ఎప్పుడూ మంచానికి దూరంగానే ఉంటుంది), రెండు జతల బట్టలు, మందుల జాబితా.

జూన్ 20న రెండో పెట్ స్కాన్. చికిత్స పనిచేస్తోందో లేదో తేల్చేది ఇదే. ఆ రోజు అక్క వచ్చింది, ఆరో నెల. స్కాన్ అయ్యాక మిగిలిన రోజంతా గర్భిణులకు, పసిపిల్లలకు దూరంగా ఉండమన్నారు. నేను పైగదిలో, తను కింద హాల్లో, ఒకే ఇంట్లో ఫోన్‌లో మాట్లాడుకున్నాం. "నీలోంచి వెలుగు వస్తోందా?" అని అడిగింది. 22న ఫలితం: డోవిల్ స్కోరు 2. ఒకటి నుంచి ఐదు దాకా ఉండే కొలతలో ఒకటి, రెండు, మూడు అంటే ఊరట. రెండు అంటే మిగిలిన వెలుగు ఛాతీలోని రక్తనాళాల్లో మామూలుగా ఉండేదాన్ని మించలేదని.

దాంతో బ్లియోమైసిన్ మానేద్దామన్నారు, ఊపిరితిత్తులకు హాని చేసేది అదే. నాకు సంతోషం. నాన్నకు అనుమానం. పనిచేస్తున్న మందును మధ్యలో ఎందుకు తీసేయాలి? 2016లో వెలువడిన రాథల్ అనే అధ్యయనం గురించి డాక్టరు గారు చెప్పారు. 1,200 మందికి పైగా చేరారు. మధ్య స్కాన్ బాగా వచ్చినవారిలో ఆ మందు కొనసాగించినవారు మూడేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా 85.7 శాతం మంది ఉన్నారు, మానేసినవారు 84.4 శాతం మంది. ఊపిరితిత్తుల ఇబ్బందులు మానేసినవారిలో తక్కువ. ఆ రాత్రి నాన్న ఫైలు వెనుక అట్ట మీద 1.3 అని రాసుకుని చుట్టూ గీత గీశారు. "ఆ ఒకటీ పాయింటు మూడులో మనం ఉంటే?" అన్నారు. మనం అన్నారు. నేను "నా ఊపిరితిత్తులు, నేనే తేల్చుకుంటాను" అన్నాను. అనుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. మర్నాడు డాక్టరుకు సరేనని చెప్పింది నేనే. అన్ని నెలల్లో నా నోటితో నేను తీసుకున్న మొదటి నిర్ణయం బహుశా అదేనేమో.

జులై నుంచి సెప్టెంబరు దాకా రాయడానికి పెద్దగా ఏమీ లేదు, బతకడానికి అవే కష్టమైన నెలలు. మొదట్లో రాని వికారం ఇప్పుడు మందుకు ముందే రావడం మొదలైంది. చేతులు కడిగే ద్రవం వాసన తగిలితే చాలు. ఎనిమిదో కీమో రోజు లిఫ్టులోనే వాంతి చేసుకున్నాను, అప్పటికి ఒంట్లోకి చుక్క ఎక్కలేదు. దీనికి ముందురోజు రాత్రి వేసుకునే మాత్ర ఉంది. అడిగితేనే ఇచ్చారు. నాకు వార్డులో ఈడు దొరకలేదు. ఒక చివర గోడల మీద బొమ్మలున్న పిల్లల విభాగం, ఇటు చూస్తే అందరూ మా నాన్న వయసువారు. 15 నుంచి 39 ఏళ్ల వయసువారిని వైద్యంలో ప్రత్యేక బృందంగా లెక్కిస్తారని చదివాను, కుర్చీల వరుసలో మాత్రం ఆ బృందానికి నేనొక్కణ్ణే ప్రతినిధిని. ఒక మంచి స్నేహితుడు ఏప్రిల్ తర్వాత కనబడలేదు. అంతగా పరిచయం లేని సహోద్యోగి ఒకడు మాత్రం ప్రతి రెండో గురువారం వచ్చి, ఆరోగ్యం మాట ఎత్తకుండా, ఆఫీసులో ఎవరికి ఎవరితో పడటం లేదో గంటసేపు చెప్పి వెళ్లేవాడు. అతనికి ఎంత రుణపడ్డానో అతనికి తెలియదు.

డబ్బు సంగతి. మందుల ఖర్చుకు సిద్ధపడ్డాం. సిద్ధపడనివి వేరు: స్కాన్లు, పోర్ట్, ఆ ఐదు రోజుల ఒంటరి గది, తెల్ల రక్తకణాలను పెంచే ఇంజెక్షన్లు, ప్రతిసారీ రానుపోను ప్రయాణం, జీతం లేని సెలవు. అది ఆరు నెలలకు పైనే. మూడేళ్లు దాచుకున్నది ఆగస్టుకల్లా అయిపోయింది. ఆ తర్వాతివి నాన్న కట్టారు. ఎంతో ఆయన చెప్పలేదు, ఫైలులో ఆ బిల్లులు మాత్రం లేవు.

సెప్టెంబరు 16న మేనకోడలు పుట్టింది. నేను ఎత్తుకోవడానికి నవంబరు దాకా ఆగాల్సి వచ్చింది. 28న చివరి కీమో. ఆ రోజంతా నిద్రపోయాను, చెప్పడానికి ఏమీ లేదు. మందుల వల్ల వచ్చిన వాపు సర్దుకోవాలి కాబట్టి చివరి స్కాన్‌కు ఏడు వారాలు ఆగాలి. నవంబరు 14న స్కాన్, 16న ఫలితం. జబ్బు ఆనవాలు లేదు.

ఇంట్లో అందరూ ఏడ్చారు, నేను తప్ప. రెండు వారాల తర్వాత బుధవారం తెల్లవారుజామున ఐదింటికి మెలకువ వచ్చింది, వికారంతో. ఎక్కడికీ వెళ్లేది లేదు. ఒళ్లు మాత్రం 14 రోజుల లెక్క మరవలేదు. అలా ఫిబ్రవరి దాకా సాగింది.

డిసెంబరులో పోర్ట్ తీశారు, అరగంట. అదే నెలలో ఇంట్లో గొడవ. నాన్న రాత్రి రెండింటికి నా గది తలుపు తీసి, నుదుటి మీద చెయ్యి వేసి చూసి వెళ్లేవారు. మే నుంచి ఉన్న అలవాటది. ఒక రాత్రి నేను మేలుకునే ఉన్నాను. "ఇంకా ఎన్నాళ్లు? నాకు 27 ఏళ్లు!" అని అరిచాను. ఆయన చీకట్లో అలాగే నిలబడి, "తెలుసు" అని తలుపు దగ్గరగా వేసి వెళ్లారు. మర్నాటి నుంచి రాలేదు. వచ్చారేమో, నేను నిద్రపోయానేమో. 2023 జనవరి 2న తిరిగి నా అద్దె గదికి, ఉద్యోగానికి వెళ్లిపోయాను. సామాను సర్దుతుంటే అమ్మ థర్మామీటరు పెట్టింది. నేను తీసేశాను. గదికి వెళ్లి చూస్తే చొక్కాల మధ్య ఉంది.

ఉద్యోగంలో మొదటి ఆరు వారాలు సగం రోజు పని. పని మరిచిపోలేదు, పేర్లు మరిచిపోయాను. రెండేళ్లు పక్కన కూర్చున్న మనిషిని అందరి ముందు పిలవాల్సి వచ్చి, పేరు రాక, "మీరు" అని ఆగిపోయాను. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఎవరో ప్లగ్గు పీకేసినట్టు నిస్సత్తువ. విశ్రాంతితో పోయేది కాదది. రోజూ నడవమన్నారు, ఒళ్లు మండింది, నడిచాను. మొదట పది నిమిషాలు, వేసవికి నలభై. ఏడాది పట్టింది. జుట్టు మాత్రం నాలుగు నెలల్లో వచ్చింది, ఎన్నడూ లేని ఉంగరాలతో.

ఆగస్టులో ఒకమ్మాయితో పరిచయం. మూడోసారి కలిసినప్పుడు చెప్పేశాను, అంతకంటే ముందు చెబితే జాలి, తర్వాత చెబితే మోసం అనిపించింది. తను కాసేపు ఆలోచించి, "ఇప్పుడు నువ్వు చేయకూడని పనులు ఏమైనా ఉన్నాయా?" అని అడిగింది. చికిత్స సారాంశం కాగితంలోవి గుర్తు తెచ్చుకున్నాను. ఎర్ర మందు ఒంటి ఉపరితలంలో చదరపు మీటరుకు 25 మిల్లీగ్రాముల చొప్పున 12 సార్లు, మొత్తం 300, గుండెకు జీవితాంతం ఒక హద్దు ఉంది. ఎప్పుడైనా మత్తు ఇచ్చేటప్పుడు బ్లియోమైసిన్ సంగతి చెప్పాలి, ఎక్కువ ఆక్సిజన్ పడకపోవచ్చు. ఇవన్నీ ఎలా చెప్పను? "సిలిండరు కట్టుకుని సముద్రం అడుగున ఈదే ముందు డాక్టరును అడగాలి" అన్నాను. "నాకు ఈత రాదు" అంది. ఇంకా కలుస్తున్నాం.

మూడు నెలలకొకసారి చూపించుకోవడం. అందులో స్కాన్ ఉండదని తెలిసినప్పుడు నాకు కోపం వచ్చింది. లక్షణాలు లేనివారికి ఊరికే స్కాన్లు తీస్తే మేలు కంటే అనవసరపు భయాలు, బయాప్సీలు ఎక్కువని చెప్పారు. డాక్టరు మెడ, చంకలు, పొట్ట తడిమి, రక్త పరీక్ష చూసి పంపేస్తారు. 2023 నవంబరులో జలుబు చేసి మెడలో ఒక గ్రంథి ఉబ్బింది. 11 రోజులు రోజుకు వందసార్లు నొక్కి చూసుకున్నాను. చూపిస్తే, "దీన్ని ఇంత నొక్కింది ఎవరు?" అన్నారు డాక్టరు గారు. నెలకొకసారి తప్ప మెడ ముట్టుకోవద్దని చీటీలో మందుతో పాటు రాశారు. అది తగ్గిపోయింది. నాన్నకు చెప్పలేదు. చెప్పనందుకు గర్వంగానూ, దొంగతనం చేసినట్టుగానూ ఉంది.

2024 ఫిబ్రవరిలో వీర్య పరీక్ష చేయించుకున్నాను. మామూలు పరిధిలోనే ఉంది, అంచున అయినా సరే. నవంబరులో రెండేళ్లు నిండాయి. ఈ జబ్బు తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే. ఇకపై ఆరు నెలలకొకసారి వస్తే చాలన్నారు. అందరూ ఎగిరి గంతేసే మాట. నాకు కింద నుంచి ఎవరో కుర్చీ లాగేసినట్టు అయింది. మూడు నెలలు చాలడం లేదని నేననుకుంటుంటే ఆరు ఇచ్చారు.

పోయిన వారం ఆ ప్రయోగశాల నుంచి ఫారం వచ్చింది, మూడోసారి. పరీక్ష బాగుంది కాబట్టి ఇక ఉంచుకోవాల్సిన అవసరం లేదని ఒక మాట. మళ్లీ తిరగబెడితేనో అని ఇంకొక మాట. పారవేయమని రాస్తే నాకు ధైర్యం ఉన్నట్టు, రుసుము కడితే లేనట్టు, ఇలా ఉంది నా వాదన. రెండో పేజీలో ఆ మూడు గడులు అలాగే ఉన్నాయి. పోయిన రెండేళ్లూ చూడకుండా మొదటిదానిలో టిక్కు పెట్టి, సాక్షి సంతకం కోసం నాన్నకు పంపాను. ఆయన తేదీ వేసి తిరిగి పంపారు. ఈసారి సాక్షిగా ఎవరిని అడగాలో, రెండో గడి గురించి నేను కలుస్తున్న ఆ అమ్మాయితో మాట్లాడాలో వద్దో తేల్చుకోలేదు. ఫారం బల్ల మీద ఉంది. 30వ తేదీ గడువు.